పులి రాజ్యంలో జమున

సిరిసిల్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో జమున ఒకతె. చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే ఆకు కత్తిరించడం, జర్దా పోయడం, చుట్టి దారం కట్టడం అన్నీ చేతులే చూసుకుంటాయి. మనసుకు పనేమీ ఉండదు. పని లేని మనసు ఊరుకుంటుందా? పోయిన శుక్రవారం తను అన్న ఒక మాటను పట్టుకుని అదే పనిగా నములుతూ ఉంది.

ఆ మాట "నీ ఇష్టం."

భర్త పరశురాములు షార్జాలో ఉంటాడు. పెద్ద బిల్డింగులో ఊడ్చి తుడిచే పని. ఆ శుక్రవారం ఫోన్ చేసి, "కంపెనోల్లు ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టమంటుండ్రు జమునా. ఈ నెల అయిపోయే లోపల చెప్పాల్నట. నువ్వేమంటవ్?" అని అడిగాడు. "పెట్టకు, ఇంటికి రా" అనే మాట జమున నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. ఇటు చూస్తే అత్త శంకరవ్వ తునికాకులు తడుపుతూ చెవులు మాత్రం ఫోన్ దగ్గర పెట్టింది. అటు గది నిండా మనుషులు, ఒకడు వంట, ఒకడు స్నానం, ఇద్దరు పేకాట. మొగుడు లేకపోతే నాకు తోచడం లేదని అంతమంది చెవిన ఎలా వేస్తుంది? పైగా కొడుకు సంపాదనకు కోడలు అడ్డం పడిందనే మాట ఊళ్లో పుట్టిందంటే చచ్చేదాకా పోదు. "నీ ఇష్టం" అనేస్తే ఏ గొడవా లేదు. అనేసింది. "సరే" అన్నాడతను. "ఏం కూర?" అని అడిగాడు. బీరకాయ అని చెప్పింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ సామెత జమునకు తెలియక కాదు. నోరు పెగలదు, అంతే. నాలుగేళ్లుగా ఆ మొగుడూ పెళ్లాలు ఫోన్లో మాట్లాడుకున్నదంతా రాస్తే కూరల చరిత్ర తప్ప మరేమీ ఉండదు. మనిషి రోజురోజుకూ దూరమైపోతున్నాడని ఆమెకు భయం. ఇంకో రెండేళ్లంటే ఇక కూర పేరు కూడా అడగడేమో.

మర్నాడు అతను మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి కూర అడగలేదు.

"మా రూముల హనుమంతు అని బోథ్ ఊరి పిలగాడున్నడు. గాయన నా ఫోన్ల ఒక ఆట పెట్టిండు. దేశదేశాల మనుషులు అండ్ల తిరుగుతుంటరు. మస్తు గుట్టలున్నయ్, వాగులున్నయ్. డ్యూటీ దిగినంక నేనొక గుట్ట ఎక్కి కూసుంట. గక్కడ ఎండే ఉండది జమునా. మంచు పడుతది. పడుతున్నట్టు చప్పుడు గూడ ఇనవడుతది."

ఇంత పొడుగు మాట అతని నోట విని ఎన్నాళ్లయింది! ఎండల్లో మాడే మనిషి మంచు సంగతి చెబుతుంటే జమున బీడీ చుట్టడం ఆపేసింది.

"నువ్వు గూడ రారాదు?" అన్నాడు.

"నాకేమొస్తది గది?"

"మన నవ్య పెట్టిస్తది."

ఫోన్ పెట్టేశాక జమునకు ఒక ఆలోచన తట్టింది. ఆ గుట్ట మీద అత్త ఉండదు. పేకాట ఆడేవాళ్లుండరు. ఇద్దరే ఉంటారు. ఆ మాటేదో అక్కడ చెప్పేయవచ్చు. మీరు నవ్వితే నవ్వండి గానీ, పక్కింటికి పోయి ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని మాత్రం అనకండి. పక్కింట్లో కూడా మనుషులే ఉంటారు.

ఆదివారం కూతురు నవ్యశ్రీ కరీంనగర్ హాస్టల్ నుంచి వచ్చింది. తల్లి ఆట ఆడతానంటే మొదట నమ్మలేదు. నమ్మాక నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ఫోన్లో ఆట ఎక్కించింది. ముందు బొమ్మను తయారుచేసుకోవాలి. పిల్ల తెల్లటి బొమ్మను, కొనముక్కు పెట్టి సిద్ధం చేయబోతే జమున చెయ్యి పట్టుకుంది.

"గట్ల కాదు. నా రంగే పెట్టు. నా ముక్కే పెట్టు."

"గేమ్ల గూడ గదే ముక్కానే అవ్వా?"

"మీ బాపు గుర్తువట్టొద్దా?"

నవ్యశ్రీ అలాగే పెట్టింది. చామనఛాయ, చప్పిడి ముక్కు, నడుముకు బిగించిన కొంగు. బొమ్మ తెరమీద నిలబడి మెల్లగా ఊపిరి తీసుకుంటోంది. దాని ఛాతీ పైకీ కిందికీ కదులుతుంటే జమునకు ఒళ్లు జల్లుమంది.

"ఇగ ఒక రాజ్యం ఏరుకో, అయిపోతది. నేను తలకు పోసుకొనొస్త," అని పిల్ల లేచిపోయింది.

తెరమీద రెండు జెండాలు వచ్చాయి. ఒకదాని మీద నల్ల గద్ద, రెక్కలు చాపి ఉంది. రెండోదాని మీద పెద్దపులి. జమున క్షణం కూడా ఆలోచించలేదు. పద్మశాలీల ఇంట పుట్టి, పద్మశాలీల ఇంట మెట్టిన మనిషి. భావనారుషి పులినెక్కి తిరిగిన కథ ఉగ్గుపాలతో తాగింది. పులి అంటే కులదేవుడి వాహనం. పులిని కాదని గద్దను పట్టుకునే సాలెల ఆడది ఎక్కడైనా ఉంటుందా? రెండు చేతులూ జోడించి, దండం పెట్టుకుని, పులిని నొక్కింది.

కాసేపు తెర నల్లబడింది. తర్వాత తెల్లవారింది.

అది ఎలాంటి తెల్లవారడం! నీలం ఆకుల చెట్లు, వాటి మధ్య పొగమంచు, మంచులోంచి ఒక ఊరు నెమ్మదిగా బయటపడింది. పైకప్పుల మీద గడ్డి. ఎక్కడో నీళ్ల చప్పుడు. జమున వేలు కదిపితే బొమ్మ ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. కాళ్ల కింద ఎండుటాకులు గలగలమన్నాయి. పెళ్లయ్యాక జమున సిరిసిల్ల దాటి పోయింది అటు చుట్టాలున్న మెట్‌పల్లికి, ఇటు వేములవాడకు, అంతే. ఎప్పుడూ ఎవరో ఒకరు వెంట ఉంటారు. ఇప్పుడు ఒంటరిగా, చేతిలో సంచీ కూడా లేకుండా, ఎవరినీ అడగకుండా ఒక అడవిలో నడుస్తోంది.

ఊరి మొదట్లో తెల్లగడ్డం ముసలాయన ఒకడు నిలబడి ఉన్నాడు. పెద్దమనిషి కదా అని దండం పెట్టింది. అతను ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మర్నాడు పోతే అదే మాట అన్నాడు. ఆ మర్నాడూ అదే. పాపం చెవుడేమో, మతి తప్పిందేమో అనుకుంది జమున. అతను మనిషి కాదని, ఆటలోని బొమ్మేనని నవ్యశ్రీ ఫోన్లో చెప్పినా దండం మాత్రం మానలేదు. రోజూ ఎదురయ్యే మనిషిని పలకరించకుండా పోవడం ఎట్లా అని ఆమె పట్టు.

ముసలాయన చెప్పే పని ఆకులు తెమ్మనట, అదీ నవ్యశ్రీయే చెప్పింది. అది చాలా హాయి పని. వాగు వెంట మెరిసే ఆకులు ఉంటాయి, వంగి తెంపడమే. రోజూ బీడీలు కార్ఖానాలో అప్పగించి వచ్చాక, పొద్దు వాలే వేళ, జమున వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఆకులు తెంపేది. ఒకరోజు వాగు దాటి కొంచెం దూరం పోయింది. చెట్ల వెనక నుంచి రెండు తోడేళ్లు వచ్చి మీద పడ్డాయి. ఏం జరిగిందో తెలిసేలోపు బొమ్మ నేలకూలింది. రంగులన్నీ పోయాయి. పొగలాంటి తెల్లటి ఆకారమై తను ఒకచోట నిలబడి ఉంది. నడుచుకుంటూ పోతే గడ్డిలో తన శవమే కనిపించింది, అదే ముక్కు, అదే కొంగు. దగ్గరికి పోయి నొక్కితే లేచి కూర్చుంది.

జమున ఫోన్ పక్కన పడేసి, ముఖం కడుక్కుని, అత్త దగ్గరికి పోయి కూర్చుంది. కోడలి ముఖం చూసి శంకరవ్వ ఏమయిందని అడిగింది.

"నా శవాన్ని నేనే సూసిన అత్తా."

శంకరవ్వ ఎక్కువ ప్రశ్నలు వేసే మనిషి కాదు. ఉప్పు, మిరపకాయలు పట్టుకొచ్చి దిష్టి తీసింది. మిరపకాయలు ఘాటు రాలేదని, దిష్టి గట్టిగానే తగిలిందని కూడా తేల్చింది.

"ఏం ఆటనే గది, సంపేటిది," అని గొణిగింది. మర్నాడు మాత్రం కోడలి పక్కకే జరిగి, కళ్లద్దాలు పెట్టుకుని చూసింది. నీలం చెట్లు ఆమెకూ నచ్చాయి.

గురువారం సాయంత్రం పరశురాములు ఫోన్ చేశాడు. తను ఎన్ని ఆకులు తెంపిందో, ఎలా చచ్చి ఎలా బతికిందో జమున చెబుతుంటే అతను ఊఁ కొడుతూ విన్నాడు. చివరకు, "ఎక్కడున్నవ్ నువ్వు? నేనే వస్త," అన్నాడు.

"పులి రాజ్యంల."

అటు గదిలో ఎవరో పకపకా నవ్వారు. హనుమంతే అయి ఉంటాడు.

"గదెందుకు ఏరుకుంటివే?" అన్నాడు పరశురాములు. "మాది గద్ద రాజ్యం. పులోల్లు మాకు దుష్మన్లు. ఎదురువడితే కొట్టుకునుడే. మాట్లాడుకోరాదు గూడ."

"భావనారుషి వాహనం గదా అని..." అంది జమున. అంతకంటే చెప్పుకోవడానికి ఏముంది? నవ్యశ్రీకి ఫోన్ చేసి అడిగితే ఒకసారి రాజ్యం ఏరుకున్నాక ఇక మార్చడానికి లేదంది. ఇంతకీ బాపుది గద్ద అని నాకు చెప్పొద్దా అని పిల్ల ఎదురు కోప్పడింది. ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరికీ చెప్పే అలవాటు లేదు.

ఆ రాత్రి జమున సరిగా తినలేదు. ఒక రాజ్యాన మొగుడు, ఒక రాజ్యాన పెళ్లాం. ఆట సంగతి సరే, బతుకూ అట్లాగే ఏడిచింది కదా అనుకుంది. నెలాఖరు దగ్గర పడింది. అతను సంతకం పెట్టేస్తాడు.

తెల్లవారి అతనే కబురు పంపాడు. రెండు రాజ్యాల నడుమ ఒక నది ఉంది, నది మీద రాతి వంతెన ఉంది. ఇవాళ శుక్రవారం, తనకు సెలవు, మధ్యాహ్నం అక్కడికి రమ్మన్నాడు. పసుపు తలపాగా తనదేనని గుర్తు చెప్పాడు.

జమున ఆరోజు బీడీల చాట ముట్టలేదు. బీడీలు చుట్టడం మొదలుపెట్టాక పండగ కాని రోజు చాట ముట్టకపోవడం అదే మొదలు. శంకరవ్వ చూసి, ఆ చాటను తన దగ్గరికి లాక్కుంది. జమున గడపలో కూర్చుని నడవడం మొదలుపెట్టింది. నీలం చెట్లు అయిపోయాయి. తర్వాత ఎర్రగడ్డి మైదానం, గాలికి గడ్డి ఒకవైపే వాలుతోంది. ఆ తర్వాత ఎవరూ లేని ఒక పాడుబడ్డ కోట, కోట గోడల మీద మిణుగురు పురుగులు. తోడేళ్లు కనబడితే చుట్టూ తిరిగి పోయింది. దూరంగా తెల్లగా ఏదో మెరిసింది. దగ్గరికి పోయేకొద్దీ అది వెడల్పైంది. అవతలి ఒడ్డు కనపడని నీళ్లు. అంత నీటిని జమున కళ్లారా ఎప్పుడూ చూడలేదు. తెరమీద చూసినా చూసినట్టే కదా. చాలాసేపు ఊరికే నిలబడింది.

వంతెన మీద మంచులోంచి పసుపు తలపాగా వస్తోంది. తల మీద పేరు ఎర్రటి అక్షరాల్లో వెలుగుతోంది, శత్రువని గుర్తు. వంతెన నడిమికి వచ్చి ఆగలేదతను. ఈ ఒడ్డు దాకా, పులి రాజ్యం నేల మీదికే వచ్చేశాడు. ఆమెకు ఎదురుగా నిలబడ్డాడు.

జమున "తిన్నవా" అని రాసింది. అలవాటు మరి. రాసిన మాట పైకి లేచి అర్థం లేని గీతలుగా మారిపోయింది. అతనూ ఏదో రాశాడు. గీతలే వచ్చాయి. ఇంత దూరం నడిచి వస్తే ఇదా అని ఆమెకు ఏడుపొచ్చింది.

అప్పుడతను చెయ్యెత్తాడు. బొమ్మల చేత సైగలు చేయించే బటన్లు కొన్ని ఉంటాయి ఆటలో. అతను పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిమిరాడు. తిన్నానని.

జమున చప్పున నిటారుగా కూర్చుంది. సాంచాల కార్ఖానాలో తిన్నానని చెప్పే సైగ అదే! మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే ఆ మోతలో నోరు దేనికీ పనికిరాదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పెళ్లికి ముందు ఇద్దరూ ఒక్క కార్ఖానాలోనే పనిచేశారు, అతను సాంచాల మీద, ఆమె నూలు చుట్టే కండెల దగ్గర. అతను ఆమెను పెళ్లికి అడిగింది కూడా ఆ మోతలోనే. తన ఛాతీ చూపించి, ఆమెను చూపించి, తెగిన పోగులు రెండు తీసుకుని ముడి వేశాడు. ఆ సాయంత్రం దాకా ఆమె చుట్టిన కండెలన్నీ వంకరే. నోటితో ఏనాడూ చక్కగా మాట్లాడుకోని మనుషులు, చేతులతో ఎంత మాట్లాడుకునేవారని!

ఆమె దండం పెట్టింది. అతను నవ్వాడు. ఆమె కూర్చుంటే అతను కూర్చున్నాడు. నది చప్పుడు చేస్తోంది. మంచు వాళ్లిద్దరి భుజాల మీద పడుతోంది. సిరిసిల్ల గడపలో ఎండ మండిపోతుంటే జమునకు నిజంగానే చలి వేసింది. అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఆ తర్వాత ఆమె ధైర్యం చేసి ఒక బటన్ నొక్కింది. బొమ్మ చెయ్యి చాపి రమ్మని పిలిచింది. అతను కదలలేదు. మళ్లీ నొక్కింది. రా. మళ్లీ. రా, రా.

పసుపు తలపాగా మెల్లగా వంగింది. రెండు అరచేతులతో ముఖం కప్పుకుని అతని బొమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

జమున ఇంకేమీ నొక్కలేకపోయింది. ఆ మనిషి తండ్రి పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు.

అప్పుడే వెనకనుంచి గుర్రాల చప్పుడు వినిపించింది. పులి జెండాలు కట్టుకుని ముగ్గురో నలుగురో వచ్చారు, ఏ దేశపు పిల్లలో. తమ నేల మీద ఎర్రపేరు కనిపించింది కదా, ఊరుకుంటారా? కత్తులు దూశారు. జమున బొమ్మను తీసుకుపోయి అడ్డం నిలబెట్టింది. సొంత రాజ్యం వాళ్లకు ఆమె అడ్డమే కాదు. ఆమె లోంచే దూసుకుపోయారు. వద్దని చెయ్యి ఊపింది. వాళ్లలో ఒకడు సరదా పడి తిరిగి చెయ్యి ఊపాడు. పరశురాములు లేవనే లేదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగి, నీళ్ల ఒడ్డున వెల్లకిలా పడిపోయాడు. గుర్రాలు వెళ్లిపోయాయి. మంచు అతని మీద పడుతూనే ఉంది.

ఆట అని తెలుసు. చచ్చినవాళ్లు లేస్తారనీ తెలుసు, తను లేవలేదా? అయినా ఎక్కడో దేశం కాని దేశంలో తన మనిషి నేలమీద పడి ఉన్నాడు, తను పక్కన ఉండి కూడా ఏమీ చేయలేకపోయింది. జమున కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

ఫోన్ మోగింది. పరశురాములే. వెనక గదంతా నవ్వులు. "సచ్చిన పో జమునా. మీ పులోల్లు గట్టోల్లే," అని తనూ నవ్వుతున్నాడు. "గా ఏడుసుడు బటన్ తప్పువడి వత్తిన. ఏమనుకోకు."

"నేను తప్పువడి వత్తలే," అంది జమున. "నువ్వు ఇంటికి రా. సంతకం పెట్టకు. రెండేండ్లు నాతోని కాదు. ఉన్నదే తిందాం. గక్కడ నీకేమన్నయితే నేనెట్ల రావాలె? ఎవలను అడగాలె? నువ్వు లేకుంటె నాకేమీ మంచిగనిపిస్తలేదు."

పక్కన శంకరవ్వ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. అటు గదిలో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

పరశురాములు మెల్లగా మాట్లాడాడు.

"పెట్టనని నిన్న పొద్దుగాలనే చెప్పిన. వచ్చే నెల పంపుతరు."

"మరి నిన్న ఫోన్ జేసినప్పుడు నాకెందుకు చెప్పలే?"

"నేనొస్తె నువ్వు సంబురపడుతవో లేదో తెల్వలే జమునా."

జమునకు ముందు కోపమొచ్చింది. ఇన్నేళ్లు కాపురం చేసి, ఆమాత్రం తెలియదా ఈ మనిషికి? అయినా ఎట్లా తెలుస్తుంది? తను ఎప్పుడైనా చెప్పిందా? ఆ పరాయి గదిలో, అంతమంది మధ్య, ఇంటికి పోతే ఇంటావిడ ముఖం ఎట్లా ఉంటుందోనని ఈ మనిషి ఎన్ని రోజులుగా భయపడుతూ పడుకున్నాడో.

"ఏమంటుండే?" అని శంకరవ్వ మోచేత్తో పొడిచింది.

జమున ఆమె వైపు చూడలేదు. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"సంబురమే," అంది, వాకిట్లో పోయేవాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా.